నెల్లిమర్ల తర్వాత గరివిడి

అప్పీలు బోర్డు గదిలో ఆ రోజు నేనూ ఉన్నాను. బల్లకి అటువైపు ముగ్గురు డాక్టర్లు, ఇటువైపు అప్పలనాయుడు, తలుపు పక్కన నేను. “నీ చెవులు ఇంత పాడైతే ఇన్నేళ్లూ వినికిడి పరీక్ష ఎలా పాసయ్యావు? నీకు ఆ పరీక్ష పెట్టినవాడెవడు?” అని బోర్డు అధ్యక్షుడు గట్టిగా అరిచి అడిగాడు. ఆ ప్రశ్నకి జవాబు గదిలో ఇద్దరికి తెలుసు. ఒకడు అబద్ధం చెప్పాడు. రెండోవాడు అసలేమీ చెప్పలేదు. ఆ రెండోవాణ్ణి నేను.

నేను సైన్యం వైద్య విభాగంలో నర్సింగ్ అసిస్టెంటుగా పనిచేశాను. ఇంకా యాభై నిండలేదు గానీ సైన్యంలో ఈ వయసుకే మనిషిని ‘విశ్రాంత’ అనేస్తారు. ఎలా చేరాను, ఎలా ఎదిగాను అన్నవి రాయను. ఎదగడానికి నేను చేసిందేమీ లేదు, పై అధికారి చూపు పడే చోట నిలబడకుండా ఉన్నాను, అంతే. ఇప్పుడు విజయనగరంలో ఒక చిన్న గదిలో కూర్చుని మాజీ సైనికులకి వైకల్య పింఛను అర్జీలు రాసిపెడుతున్నాను. ఈ పనిలోకి కొత్త కుర్రాళ్లు వస్తున్నారు. వాళ్లకి నిబంధనలు నేర్పడానికి పుస్తకాలున్నాయి. పుస్తకాల్లో లేనివి ఇవి.

రెండే ప్రశ్నలు

జబ్బుతోనో గాయంతోనో సైన్యం వదిలినవాడికి పరిహారం ఇవ్వాలా వద్దా అన్నది రెండు ప్రశ్నల మీద తేలుతుంది. ఒకటి, ఇది సర్వీసు వల్ల వచ్చిందా, లేక సర్వీసు వల్ల ముదిరిందా. రెండు, ఎంత శాతం. మొదటిదానికి ‘కాదు’ అని రాస్తే రెండోదాని గురించి బాధపడక్కర్లేదు కాబట్టి, భోజనాల వేళ దగ్గరపడుతున్న కొద్దీ మొదటిదానికి ‘కాదు’ అన్న జవాబే ఎక్కువగా తోచేది. ఇది నేను తలుపు పక్కన నిలబడి గమనించిన సంగతి. ఏ వైద్య గ్రంథంలోనూ దొరకదు.

మా బోర్డు అధ్యక్షుడు కర్నల్. మంచి సర్జనే. ఆయన సిద్ధాంతం ప్రకారం చక్కెర జబ్బు తల్లి వైపు నుంచి వస్తుంది, రక్తపోటు తండ్రి వైపు నుంచి, నడుము నొప్పి అత్తవారి వైపు నుంచి. సైన్యం నుంచి వచ్చేవి పతకాలు మాత్రమే. 

ఒకసారి భోగాపురం దగ్గరి కుర్రాడొకడు వాలీబాల్ ఆడుతూ విరగ్గొట్టుకున్న మోకాలితో వచ్చాడు. కర్నల్ మోకాలి వైపు చూడలేదు. “ఆట ఎవరు పెట్టించారు?” అన్నాడు. పై అధికారి ఆజ్ఞ మీద ఆడితే ఆ మోకాలు ప్రభుత్వానిది. తనంతట తాను ఆడితే మోకాలు తన సొంతం. కుర్రాడు నిజాయితీపరుడు. “ఆదివారం సాబ్, సరదాగా ఆడుకున్నాం” అన్నాడు. ఆ ఒక్క మాటతో మోకాలు వాడి ఖాతాలోకి వెళ్లిపోయింది. ప్రభుత్వ కార్యాలయాల్లో పలకగల మాటలన్నిటిలోకీ ఖరీదైనది ‘సరదా’ అని నాకప్పుడు తెలిసింది. తర్వాత నుంచి లోపలికి పంపేముందు మన వైపు వాళ్లని చెవిలో హెచ్చరించేవాణ్ణి, సరదా అన్న మాట నోట రానియ్యకండని. అదే నేను చేసిన న్యాయసహాయం.

బోర్డు డాక్టర్లు రాక్షసులని అనుకోకండి. అలా అనుకుంటే మీరు అర్జీలో తిట్లు రాస్తారు, అర్జీ తిరిగొస్తుంది. వాళ్లు అలసిపోయిన మనుషులు. ఎదురుగా ఉన్న మనిషి కంటే ఎదురుగా ఉన్న కాగితం తక్కువ మాట్లాడుతుంది కాబట్టి కాగితాన్నే నమ్ముతారు. ఆ కాగితాన్ని తయారుచేసేది నాలాంటి వాళ్లం. అసలు కథ అక్కడుంది.

గుసగుస

ఈ బోర్డు ఉద్యోగానికి చాలా ముందు నేను ఒక ఫిరంగి దళంలో ఉండేవాణ్ణి. ఫిరంగుల పక్కన పనిచేసేవాళ్లకి ఏటా వైద్య పరీక్ష జరుగుతుంది. అందులో వినికిడి పరీక్ష ఎలాగంటే, మనిషి నాకు వీపు పెట్టి గోడ వైపు తిరిగి నిలబడతాడు. ఒక చెవి వేలితో మూసుకుంటాడు. ఆరు మీటర్ల దూరం నుంచి నేను గుసగుసగా ఒక మాట అంటాను. వాడు దాన్ని తిరిగి చెప్పాలి. మాటకి మాట సరిగ్గా చెబితే చెవులు భేషుగ్గా ఉన్నట్టు. పక్కనే కూర్చున్న డాక్టరు నా ముఖం చూడకుండానే రాసుకుంటాడు, ఎందుకంటే అప్పటికే ఇంకొకడి చేతికి రక్తపోటు పట్టీ చుడుతూ ఉంటాడు.

ఏ మాటలు చెప్పాలో నా ఇష్టం. మిగతా అసిస్టెంట్లు హిందీ అంకెలు చెప్పేవారు. నేను మన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు వస్తే మన రైలు స్టేషన్లు చెప్పేవాణ్ణి. డాక్టరుకి తెలుగు రాదు. మొదట్లో ఇందులో కుట్రేమీ లేదు. ఇంటికి అంత దూరంలో ‘చీపురుపల్లి’ అన్న మాట పైకి అనుకోవడమే ఒక సుఖం.

అప్పలనాయుడు చీపురుపల్లి అవతలి పల్లెవాడు. గోగు, వరి పండించే కుటుంబం. మా నాన్న మిషను ఆసుపత్రిలో కాంపౌండరు. ఊళ్లో ఉంటే మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లం కాదేమో గానీ, అక్కడ చేరిన వారానికే బావా అంటే బావా అనుకున్నాం. ఒక ఏడాది పరీక్షలో నేను ‘పలాస’ అన్నాను. వాడు గోడకేసి చూస్తూ “ఏటి?” అన్నాడు. డాక్టరు తలెత్తే లోపు నేను దగ్గి, మళ్లీ గట్టిగా అన్నాను. ఆ పూట లంగరు దగ్గర, అంటే దళం వంటశాల దగ్గర, పళ్లేలు పట్టుకుని వరసలో నిలబడ్డప్పుడు వాణ్ణి అడిగాను.

“సెవిలో కీసురాయి దూరినట్టు ఉన్నాది బావ. ఇదివరకు గన్ను పేలినాక రెండ్రోజులుండి పోయీది. ఇప్పుడు పోడం నేదు.”

“డాక్టరుకి సెప్పు.”

“సెప్తే ఏటవుతాది? గన్ను మీంచి దింపీసి, స్టోర్లో ఉర్లగడ్డలు ఏరమంటాడు. నాయక్ అవ్వాల్సినోణ్ణి నాను. ఇంటికి ఎల్తే నారాయణమ్మకి ఏటి సెప్పాల, ఉర్లగడ్డల నాయక్ ననా?”

“దూది ఎట్టుకోవచ్చు కదరా, గన్ను పేల్సినపుడు.”

“దూది ఎట్టుకున్నోణ్ణి పెళ్లికూతురు అంటారు కదేటి మనోళ్లు. నువ్వూ అన్నావు మొన్న.”

అన్నాను. అది నిజం.

“ఒక పని సెయ్యి బావ,” అన్నాడు. “నువ్వు గుసగుసలాడితే ఏదో అన్నావని తెలుస్తాది, ఏటన్నావో తెలవదు. అంచేత బండి వరసలో సెప్పు. ఇజీనారం దాటినాక ఏటొస్తాదో నాకు తెలవదేటి?”

మరుసటి ఏడు మా బండి విజయనగరంలో బయల్దేరింది. నేను గాలిలోకి ఏదో ఊదాను. వాడు “నెల్లిమర్ల” అన్నాడు. మళ్లీ ఊదాను. “గరివిడి.” తర్వాత చీపురుపల్లి, సిగడాం, పొందూరు, దూసి. డాక్టరు ముచ్చటపడి, ఫిరంగుల దగ్గర పనిచేస్తూ కూడా చెవులు ఇంత బాగా కాపాడుకున్నావని మెచ్చుకున్నాడు. వాడికి ఆ మెచ్చుకోలు వినపడలేదు. నేను మోచేత్తో పొడిస్తే సెల్యూట్ చేశాడు.

ఈ సంగతి మన కుర్రాళ్ల మధ్య పాకింది. నా రైలు ఏటా నిండుగా నడిచేది. ఒకడు కంగారులో సిగడాం వదిలేసి పొందూరు వెళ్లిపోతే నేను దగ్గి మళ్లీ వెనక్కి తెచ్చాను. సెలవు నుంచి వచ్చినవాళ్లు నాకు సున్నుండలు, జీడిపప్పు తెచ్చేవారు. అందరూ మనోడు అనేవారు. మనోడు అనిపించుకోవడమంత తీపి ఇంకోటి లేదు. ఆ తీపి కోసం ఒక దళం తెలుగు వాళ్లందరి చెవులూ కాగితం మీద బాగుచేశాను. నా కంటే గొప్ప చెవి వైద్యుడు ఆ రోజుల్లో సైన్యంలో లేడు.

చివరి స్టేషను

అప్పలనాయుడు నాయక్ అయ్యాడు, హవల్దార్ అయ్యాడు. సర్వీసు పూర్తయింది. ఇంటికి పంపేముందు ఆఖరి వైద్య పరీక్ష ఉంటుంది. మీరు ఎవరి అర్జీ రాసినా ముందు చూడాల్సింది ఆ పరీక్షే. అందులో జబ్బు రాయించుకున్నవాడు బోర్డుకి వెళ్తాడు. పూర్తి ఆరోగ్యవంతుడని రాయించుకున్నవాడు తిన్నగా ఇంటికి వెళ్తాడు.

నేను అప్పటికీ అదే దళంలో ఉన్నాను. ఈసారి నిజం చెప్పమన్నాను. చెప్పమన్నానని ఇప్పుడు రాస్తున్నాను గానీ, ఎంత గట్టిగా అన్నానో నాకే అనుమానం.

“ఈ ఒక్కసారీ కానియ్యి బావ. కాపలా దళంలోకి తీసుకుంటన్నారంట, రిటైరైనోళ్లని. కానీ ఒంట్లో ఏ లోపమూ ఉండకూడదంట. అందులో పడితే పిల్లల సదువులు గట్టెక్కుతాయి.”

విజయనగరం. నెల్లిమర్ల. గరివిడి. వాడు దూసి దాకా ఎక్కడా ఆగకుండా వెళ్లాడు. పూర్తి ఆరోగ్యవంతుడని రాశారు.

కాపలా దళం వాళ్ల దగ్గర మనిషి బదులు మిషను ఉంది. చెవులకి హెడ్‌ఫోన్లు పెడతారు, సన్నగా కూత వినపడితే మీట నొక్కాలి. ఆ మిషనుకి మన స్టేషన్లు తెలియవు. వాడు ఒక్కసారి కూడా నొక్కలేదట. రెండు చెవులూ బాగా దెబ్బతిన్నాయని రాసి ఇంటికి పంపేశారు.

అప్పుడు వాడు వైకల్య పింఛనుకి అర్జీ పెట్టాడు. వచ్చిన జవాబు సారాంశం ఇది: సర్వీసు పొడుగునా మీ వినికిడి అద్భుతం, వదిలేనాటికి కూడా అద్భుతం, కాబట్టి చెవుడు మీకు ఇంటి దగ్గర వచ్చింది. అంటే, అన్నేళ్లు పక్కనే పేలిన ఫిరంగులు వాడి చెవులకి ఏ హానీ చేయలేదు. చీపురుపల్లి అవతల గోగు చేలో కొన్ని నెలలు నడిచేసరికి చెవుడు పట్టుకుంది. ఆ జవాబు రాసినవాణ్ణి నేను తప్పుపట్టను. వాడి ముందున్న కాగితాలన్నీ అదే చెప్పాయి. ఆ కాగితాలకి ఆ మాటలు నేర్పింది నేను.

తలుపు పక్కన

వాడు అప్పీలు చేసుకునేటప్పటికి నన్ను పెద్ద ఆసుపత్రికి బదిలీ చేశారు. బోర్డు గదిలో పేర్లు పిలవడం, బరువు తూచడం, తలుపు మూయడం నా పని. ఒక ఉదయం పిలవాల్సిన పేర్లలో వాడి పేరు కనపడింది. పిలిచాను. వాడు వినలేదు. దగ్గరికి వెళ్లి భుజం తట్టాను.

“ఓర్నీ, నువ్వేటి ఇక్కడ?” అన్నాడు. మొహం వెలిగిపోయింది. పాపం, మంచి శకునం అనుకున్నాడు.

బోర్డులో ఆ రోజు ఒక లేడీ మేజర్ ఉంది. చెవి, ముక్కు, గొంతు డాక్టరు. నా సర్వీసులో నేను చూసిన మంచి పై అధికారుల్లో ఆమె ఒకరు, కారణం ఏమిటంటే ఆమె కాగితం మూసి మనిషిని అడిగేది. ఏ గన్ను, ఎటు వైపు నిలబడేవాడివి, ముందు ఏ చెవి పోయింది, ఇవన్నీ పెద్ద అక్షరాలతో రాసి చూపిస్తూ అడిగింది. వాడు చెప్పినవన్నీ విని కర్నల్‌తో, “ఇది ఫిరంగి చెవుడే సార్, ఇంట్లో వచ్చేది ఇలా ఉండదు. ఈ పాత పరీక్షలే అడ్డం. అవి తప్పని చెప్పడానికి ఒక్క ఆధారం దొరికితే నేను సర్వీసు వల్లే అని రాస్తాను” అంది.

అప్పుడే కర్నల్ ఆ ప్రశ్న అరిచి అడిగాడు. నీకు పరీక్ష పెట్టినవాడెవడు.

అప్పలనాయుడు పెదాలు చూసి ప్రశ్న అర్థం చేసుకున్నాడు. తర్వాత నా వైపు చూశాడు. ఎక్కువ సేపు కాదు. ఆధారం తలుపు పక్కన యూనిఫారంలో నిలబడి ఉంది. నోరు విప్పితే సైనిక విచారణ, ఉద్యోగం పోవడం, పింఛను పోవడం. నా పూర్తి పింఛనుకి ఇంకా కొద్దికాలం ఉంది. ఇదంతా నాకెంత తెలుసో వాడికీ అంతే తెలుసు.

“గుర్తు లేదు సాబ్. అప్పట్లో బాగానే వినపడేది” అన్నాడు తనకొచ్చిన హిందీలో.

కర్నల్ కుర్చీలో వెనక్కి వాలి, “అయితే పెళ్లాం గొంతు వల్ల వచ్చి ఉంటుంది” అన్నాడు. పక్కనున్న డాక్టరు నవ్వాడు. మేజర్ నవ్వలేదు. ఏం జరుగుతోందో తెలియక, ఎదుటివాళ్లు నవ్వుతున్నారని అప్పలనాయుడు కూడా కొంచెం నవ్వాడు. నేనూ నవ్వాను. మిగతా తప్పులన్నీ పక్కన పెట్టినా, నన్ను ఇప్పటికీ నిద్రలేపేది ఆ నవ్వు.

అప్పీలు కొట్టేశారు. వరండాలోకి వచ్చాక ఏమైనా అంటాడేమో అని తల దించుకున్నాను. “ఎండ మండిపోతన్నాది. ఇక్కడ మజ్జిగ దొరుకుతాదేటి బావ?” అన్నాడు. తెచ్చిచ్చాను. అంత ఉపకారం చేశాను.

కొత్తవాళ్లకి ఒక మాట

పరీక్ష పెట్టే చోట కూర్చున్నప్పుడు దయ చూపించకండి. నేను చూపించిన దయ వల్ల లాభపడింది ఒక్క ఖజానా మాత్రమే. జవాను చెవిలో హోరు మొదలైన రోజే అది రాయించండి. ప్రమోషన్ పోతుంది, నిజమే. వాడు తిడతాడు, జీడిపప్పు తేడు. రాయించిన ఆ ఒక్క ముక్కే ఇరవై ఏళ్ల తర్వాత వాడి తరఫున మాట్లాడుతుంది. అర్జీ రాసేటప్పుడు కూడా అంతే. ‘పూర్తి ఆరోగ్యం’ అని ఉన్న పాత పరీక్షలు చూసి, మనవాడు అబద్ధమాడుతున్నాడని అనుకోకండి. ఆ పరీక్ష ఎవడు పెట్టాడో, ఏ ఊరివాడో అడగండి.

వీపు వెనక

రిటైరై విజయనగరం వచ్చాక చర్చిలో ఏటా సాక్ష్యం చెప్పేవాణ్ణి. మంచు కొండల్లో దేవుడు నన్నెలా కాపాడాడో చెబితే ముసలమ్మలు కళ్లు తుడుచుకునేవారు. అప్పలనాయుడు కాపాడిన సంగతి మాత్రం సాక్ష్యంలో ఎప్పుడూ రాలేదు. సమయం సరిపోయేది కాదు మరి.

ఒక రోజు అర్జీల గదికి నారాయణమ్మ వచ్చింది. అప్పలనాయుడి భార్య. నన్ను మేమిద్దరం దళంలో దిగిన ఫొటోలో తప్ప చూడలేదు గానీ గుర్తుపట్టింది.

“పింఛను సంగతి తరవాత అన్నయ్యా. ఊర్లో మాయన్ని దొంగ సెవుడు అంటన్నారు. ‘మిలట్రీవోళ్లే పెద్ద పెద్ద డాక్టర్లు సూసి నీకేటీ నేదన్నారు, డబ్బుల కోసం యేసం ఏస్తన్నాడు’ అని. పిల్లలు ఎనకనుంచి ఒచ్చి పళ్లేలు కొట్టి సూస్తన్నారు, ఉలిక్కిపడతాడేటో అని. మనిషి రచ్చబండ కాడికి పోడమే మానీసినాడు. మీరు ఒక దగ్గర పని సేసినారు కదా, ఆయన సెవులు ఎప్పుడు పోయినాయో మీకు తెలవదేటి?”

తెలుసు అన్నాను. గట్టిగా అన్నాను. ఆమెకి చెవులు బాగానే వినపడతాయి.

ట్రిబ్యునల్లో కేసు వేయడానికి వకీలు ఒప్పుకున్నాడు. పరీక్షలు ఎలా జరిగాయో నేను ప్రమాణం చేసి వాంగ్మూలం ఇవ్వాలి. “రెండు వైపులా కోస్తుంది ఇది. మీ మీద చర్య తీసుకోవచ్చు. ఆయన కూడా మోసంలో భాగమే అనొచ్చు” అని హెచ్చరించాడు. కాబట్టి ముందు అప్పలనాయుణ్ణి అడగాలి. ఇంకొకటి కూడా ఉంది, అది వకీలు చెప్పలేదు.

నేను వెళ్లేసరికి వాడు ఊరి చివర చెరువు గట్టు వార నీళ్లలో దిగి, నానబెట్టిన గోగు కట్టల నుంచి నార తీస్తున్నాడు. నెల్లిమర్ల జనపనార మిల్లుకి వెళ్లే నార అది. పక్కన నలుగురు కూలీలు, నారాయణమ్మ. వాడి వీపు నా వైపు ఉంది. అలవాటు ఎంత చెడ్డదో చూడండి, నా కాళ్లు ఆరు మీటర్ల దూరంలో వాటంతటవే ఆగిపోయాయి.

“నెల్లిమర్ల” అన్నాను గుసగుసగా. వాడు నార ఉతుకుతున్నాడు. “గరివిడి” అన్నాను. ఉతుకుతున్నాడు. ఇప్పుడు బండి నడపాల్సిన అవసరం వాడికి లేదు. “తప్పు నాది” అన్నాను. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

“అలగంటే ఆయనకేటి ఇనపడతాది?” అంది నారాయణమ్మ.

దాంతో అరిచాను. బండి వరస సంగతి, బోర్డు గది సంగతి, నేను నవ్విన సంగతి, అన్నీ అరిచాను. కూలీలు పని ఆపేశారు. గట్టు మీద గేదెలు తోలుకెళ్తున్న మనిషి ఆగిపోయాడు. ఆరు మీటర్ల గుసగుసతో చేసింది ఊరంతటికీ వినపడేలా చెప్పుకోవాల్సి వచ్చింది. వాణ్ణి దొంగ చెవుడు అన్నవాళ్లకి అది చేరడానికి చీకటి పడాల్సిన అవసరం లేకపోయింది.

అందరూ ఒకే వైపు చూస్తున్నారని గమనించి అప్పలనాయుడు వెనక్కి తిరిగాడు. నన్ను చూసి మోకాళ్ల లోతు నీళ్లలోంచి లేచాడు.

“ఒరే, ఎప్పుడొచ్చినావు? మొకం అలగ ఎర్రబడిపోయిందేటి?”

నారాయణమ్మ నా వైపు, నోటి వైపు చూపించి సైగ చేసింది. వాడికి అర్థమైంది.

“అరవక్కర్నేదురా. ఎదురుగుండా ఒచ్చి సెప్తే సాలు, నీ మూతి సూసి తెలుసుకుంటాను. ఎనకనుంచి సెప్పడం ఇంకా మాననేదేటి నువ్వు?”

దగ్గరికి వెళ్లాను. వాంగ్మూలం సంగతి చెప్పాను. నీ పింఛను ఆపీగలరు అన్నాడు. ఆపనీ అన్నాను.

“నాను మోసం సేసినట్టు రాసినావేటి అందులో?”

“ఇద్దరం సేసినట్టు రాసినాను.”

“అయితే సరే. ఇద్దరవైతే సరే.”

ఆ వాంగ్మూలం ఇచ్చేశాను. తీర్పు ఇంకా రాలేదు. వస్తే వాడి వైపు వస్తుందో, నా మీదికి వస్తుందో వకీలుకీ తెలియదు. కానీ ఆ చెరువు గట్టున ఇంకొక మాట మిగిలింది. వాడి ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడ్డాను. అరవలేదు. పెదాలు కనపడేలా, పాత రోజుల్లో లాగే గుసగుసగా అన్నాను.

“తప్పు నాది బావ. ఆ గదిలో నాను సెప్పాల. సెప్పనేదు. నన్ను సెమించు.”

వాడు నా మూతి వైపు చూసి, పరీక్షలో నిలబడ్డవాడిలాగే ఒక్కొక్క ముక్కా తిరిగి అప్పజెప్పాడు.

“తప్పు నీది. ఆ గదిలో నువ్వు సెప్పాల. సెప్పనేదు,” అన్నాడు. చేతిలోని నార గట్టు మీద పెట్టాడు. “సెమించీసినాను.”